నోరు కట్టుకున్నందుకు చప్పట్లు



పెద్ద మేడమ్ పేరిట ఏటా జరిగే ఈ సభకి ఇన్నేళ్లూ వచ్చి ముందు వరసలో కూర్చుని వినేదాన్ని. ఈసారి మాట్లాడమన్నారు. ఆవిడ దగ్గర గృహవిజ్ఞానం చదువుకుని, ముప్ఫై ఏళ్లకు పైగా ఆస్పత్రుల్లో డైటీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. నాకు తెలిసింది తిండి సంగతి. అందులోనూ ఒక్క విషయమే ఇవాళ ఎత్తుకుంటాను. బరువు తగ్గాలని తిండి బాగా తగ్గించేసుకున్న మనిషిని చూసి మనం మెచ్చుకుంటాం. ఆ మెచ్చుకోలు ఆ మనిషికి ఆసరా అవుతుందా అన్నది నా ప్రశ్న.

పెద్ద మేడమ్‌ని చూడని చిన్నవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు కనక ఆవిడ క్లాసు ఎలా ఉండేదో ముందు చెప్పాలి. మాకు మంగళవారం, శుక్రవారం ప్రాక్టికల్స్. స్టవ్ వెలిగించేముందు ఆవిడ వరసగా ఒక్కొక్క అమ్మాయి దగ్గరికీ వచ్చి, "పొద్దున ఏం తిన్నావు?" అని అడిగేవారు. తిన్నావా అని ఎప్పుడూ అడగలేదు. ఆ తేడా నాకు చాలా ఆలస్యంగా బోధపడింది. "తిన్నావా?" అంటే మన నోటికొచ్చే జవాబు ఒక్కటే, "తిన్నానండి" అని. కడుపులో ఏమీ లేకపోయినా మర్యాద కోసం అదే అంటాం. "ఏం తిన్నావు?" అంటే ఏదో ఒక పదార్థం పేరు చెప్పాలి. ఉప్మా అని అబద్ధం ఆడినా, వెంటనే "ఎంత?" అని రెండో ప్రశ్న వచ్చేది.

మా బ్యాచ్‌లో ఒకమ్మాయి సోమవారం, శుక్రవారం, శనివారం ఒక్కపొద్దు ఉండేది. అందులో భక్తి కొంత ఉంది. లావైపోతున్నావని ఇంట్లో అన్న మాటలు కొంత ఉన్నాయి. హాస్టల్లో మేమంతా "దానికెంత నిష్ఠో" అని చెప్పుకునేవాళ్లం. ఒక శుక్రవారం ఆ అమ్మాయి త్రాసు ముందు నిలబడి గింజలు తూస్తుంటే చెయ్యి వణకడం మేడమ్ చూశారు. బల్ల సొరుగులోంచి స్టీలు డబ్బా తీసి, రెండు వేరుశనగ ఉండలు ఆ చేతిలో పెట్టి, "పలహారానికి దోషం లేదులే" అన్నారు. అది నమిలి మింగేదాకా పక్కనే నిలబడ్డారు. తిట్టనూ లేదు, పొగడనూ లేదు. తిన్నాక, "ఇప్పుడు తూచు" అన్నారు. అంతే.

అలాంటి మనిషి దగ్గర చదువుకుని కూడా నేను చేసిన తప్పు ఒకటుంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఒక ఆస్పత్రిలో ఉండగా శనివారం సాయంత్రాలు బరువు తగ్గాలనుకునేవాళ్లకి క్లాసు నడిపేదాన్ని. పదిహేను, ఇరవైమంది వచ్చేవాళ్లు. షుగరు, బీపీ, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు. తూకం యంత్రం గది మధ్యలో ఉండేది. ఒక్కొక్కరూ ఎక్కాక అంకె నేనే పైకి చదివేదాన్ని. తగ్గినవాళ్లకి అందరం చప్పట్లు కొట్టేవాళ్లం. ఆ వారం అందరికంటే ఎక్కువ తగ్గిన మనిషికి ఒక గులాబీ పువ్వు. ఈ పద్ధతి నన్నెవరూ పెట్టమనలేదు. నలుగురిలో ఉత్సాహం వస్తుందని నేనే పెట్టాను.

ఆ క్లాసుకి ఒక స్కూలు టీచరు గారు వచ్చేవారు. నలభై దాటిన మనిషి, షుగరు మాత్రలు వాడుతున్నారు. మొదటి రెండు నెలలూ పెద్దగా తగ్గలేదు. ఒక వారం పావుకిలో, ఇంకో వారం అదీ లేదు. తన పేరు పిలిస్తే తల వంచుకుని యంత్రం ఎక్కేవారు. మూడో నెలలో ఒక శనివారం, ఒక్క వారంలో మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు తగ్గారు. గది మారుమోగిపోయింది. "ఏం చేశారండీ, మాక్కూడా చెప్పండి" అని అందరూ చుట్టూ మూగారు. ఆవిడ సిగ్గుపడుతూ, "కాస్త నోరు కట్టుకున్నానండి" అన్నారు. నేను పువ్వు చేతికిచ్చి, "పట్టుదలంటే ఇదీ" అన్నాను. ఆ పైవారం ఇంకో కిలోన్నర. మళ్లీ పువ్వు.

మూడో వారం ఆవిడ క్లాసుకి రాలేదు. బడిలో బోర్డు మీద లెక్క రాస్తూ రాస్తూ ఒళ్లంతా చెమటలు పట్టి పడిపోతే, తోటి టీచర్లు ఆటోలో మా ఆస్పత్రికే తీసుకొచ్చారు. రక్తంలో చక్కెర 46 ఉంది. గ్లూకోజు ఎక్కించాక తేరుకున్నారు. రాత్రి వార్డుకి వెళ్లి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఏం తింటున్నారని అప్పుడడిగాను. పొద్దున టీ. మధ్యాహ్నం ఒక జామకాయ. రాత్రి గ్లాసుడు మజ్జిగ. మూడు వారాలుగా అదే తిండి. మాత్రలు మాత్రం రెండు పూటలా వేసుకుంటూనే ఉన్నారు.

"నాతో ఒక్కమాట అనుండాల్సింది కదండీ" అన్నాను.

"ఏదో ఆ ఒక్క వారమే అనుకున్నానమ్మా. మీరందరూ అంత సంబరపడ్డారు. చప్పట్లు కొట్టినవాళ్ల ముందు ఆకలేస్తోందని ఎలా చెప్పను?" అన్నారు.

ఆ మాట విన్నాక ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను.

నోరు కట్టుకోవడం అనేది మనకి ఎంతో వాడుకలో ఉన్న మాట. పథ్యానికి నోరు కట్టుకున్నాడంటాం, పిల్లల చదువు కోసం నోరు కట్టుకుని డబ్బు కూడబెట్టిందంటాం. ఎప్పుడన్నా అందులో మెప్పే ఉంటుంది. ఇదే పనికి మన భాషలో ఇంకో మాట ఉంది, కడుపు మాడ్చుకోవడం. అందులో జాలి, కోపం ఉంటాయి. మనిషి చేసే పని ఒకటే. నోటి వైపు నుంచి చూస్తే మెచ్చుకుంటాం, కడుపు వైపు నుంచి చూస్తే అయ్యో అంటాం. ఆ శనివారం మేం నోటి వైపు నుంచే చూశాం. ఇంకో సంగతి కూడా ఆ రాత్రే తట్టింది. తినే నోరూ, చెప్పుకునే నోరూ ఒకటే. ఆవిడ తినే నోరు కట్టుకుంటే, మా చప్పట్లు ఆవిడ చెప్పుకునే నోరు కట్టేశాయి.

మా అమ్మమ్మ కాలంలో సెలవలకి ఊరెళితే గుమ్మంలోనే "చిక్కిపోయావేంటే, హాస్టల్లో తిండి పెట్టట్లేదా?" అనేవాళ్లు. చిక్కడం దిగులు పడాల్సిన సంగతి. ఇవాళ అదే మార్పు చూసి "భలే తగ్గావే!" అంటున్నాం. మాట మారితే మారింది, దాంతోపాటు ఒక ప్రశ్న పోయింది. "చిక్కిపోయావేంటి?" అన్న మాటలో "ఎందుకు?" ఉంది. "భలే తగ్గావ్" అన్నదానిలో అది లేదు. అదుపు తప్పిన షుగరూ మనిషిని తగ్గిస్తుంది. క్షయ తగ్గిస్తుంది, థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తే తగ్గుతారు, క్యాన్సర్లు తగ్గిస్తాయి, దిగులు తగ్గిస్తుంది. ఏ ప్రయత్నమూ లేకుండా ఆరునెలల నుంచి ఏడాది లోపల ఒంటి బరువులో వందకి ఐదు వంతులు పోతే డాక్టరుకి చూపించుకోమని వైద్యశాస్త్రం చెబుతుంది. ఊరంతా మెచ్చుకుంటుంటే ఆ మనిషి డాక్టరు దగ్గరికి ఎందుకెళతాడు? అలా ఆలస్యంగా వచ్చినవాళ్లని నా ఉద్యోగంలో చూశాను.

మళ్లీ టీచరు గారి మూడు కిలోల ఎనిమిది వందలకి వస్తాను. తూకం చదవడం నా వృత్తి. ఆ అంకె చూడగానే అనుమానం రావాల్సింది. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీలు లోటు పడాలి. శ్రమ పెద్దగా లేని 55 కిలోల స్త్రీకి జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన లెక్క రోజుకి 1,660 క్యాలరీలు. అంటే వారం మొత్తం మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకపోయినా కరిగే కొవ్వు కిలోన్నర. ఒళ్లు కాస్త బరువైన మనిషైతే ఇంకొంచెం. మిగతా రెండు కిలోలు ఎక్కడివి? కాలేయంలోనూ కండల్లోనూ దాచుకున్న గ్లైకోజెన్ మొదట ఖర్చవుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌నీ పట్టుకుని సుమారు మూడు గ్రాముల నీళ్లుంటాయి. అవీ పోతాయి. ఆ పైన కండ కూడా కరుగుతుంది. నీళ్లకీ కండకీ నేను పువ్విచ్చాను.

అదే సంస్థ ఆహార మార్గదర్శకాల్లో బరువు తగ్గేవాళ్లకి చెప్పింది సూటిగా ఉంది. వారానికి అరకిలో తగ్గడం క్షేమం. ఎంత తగ్గించినా తిండి రోజుకి వెయ్యి క్యాలరీలకి దిగకూడదు. ఆ తిండిలో అన్ని పోషకాలూ ఉండాలి. తార్నాకలోని ఆ సంస్థకి పెద్ద మేడమ్ మమ్మల్ని ఒకసారి తీసుకెళ్లారు. అది 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకి మెకారిసన్ దొర పెట్టిన చిన్న ప్రయోగశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకి తరలివచ్చింది. గోపాలన్ గారు, సహచరులు కలిసి కూర్చిన భారతీయ ఆహారాల పోషక విలువల పుస్తకం అక్కడిదే. మేడమ్ దగ్గరున్న ప్రతికి అట్ట ఊడిపోయి, పసుపు మరకలతో ఉండేది. వంటింట్లో తెరుచుకునే పుస్తకమది. ఆ సంస్థ పుట్టిందే తిండిలో పోషకాలు చాలక వచ్చే జబ్బుల సంగతి తేల్చడానికి. తిండి ఎక్కువైన జబ్బుల గురించి కూడా ఇవాళ అదే చెబుతోంది. అయినా తక్కువ తినమని చెప్పేచోట కింద ఒక గీత గీసి, ఇంతకంటే దిగొద్దు అంటోంది. మన మెచ్చుకోళ్లలో ఆ గీత ఉండదు. 1,200 తిన్నానంటే భేష్ అంటాం. 800 అంటే ఇంకా భేష్. 400 అంటే నోరెళ్లబెట్టి చూస్తాం.

తిండి బాగా తగ్గితే మనిషికి ఏమవుతుందో పూర్తిగా కొలిచి చూసిన ప్రయోగం ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, యూరప్‌లో ఆకలితో ఉన్న జనానికి మళ్లీ తిండి ఎలా అలవాటు చెయ్యాలో తెలుసుకోవడానికి అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త చేసింది. 1944 నవంబరులో మొదలైంది. యుద్ధంలో ఆయుధం పట్టడానికి నిరాకరించిన 36 మంది యువకులు తమంతట తాము ముందుకొచ్చారు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు. మొదటి పన్నెండు వారాలు మామూలు తిండి పెట్టి, తర్వాత ఇరవై నాలుగు వారాలు రోజుకి సుమారు 1,570 క్యాలరీలు పెట్టారు. బంగాళాదుంపలు, క్యాబేజీ, టర్నిప్ దుంపలు, ముతక రొట్టె. వారానికి 22 మైళ్లు నడవాలి. ఒంటి బరువులో పావువంతు పోయేలా లెక్కగట్టారు, పోయింది.

ఈ అంకెని కాస్త నిదానంగా చూడండి. 1,570. మన ఊళ్లలో చేతులు మారే డైట్ చార్టుల్లో చాలావాటి కంటే ఇది ఎక్కువే. వాళ్లు మగవాళ్లు, కుర్రాళ్లు, రోజూ నడిచేవాళ్లు కాబట్టి వాళ్లనీ మన డైటింగువాళ్లనీ తిన్నగా పోల్చకూడదు, నిజమే. కానీ వాళ్లకి జరిగినవి చదువుతుంటే నాకు నా పేషెంట్లే కనిపించారు. ఎండాకాలంలో కూడా చలి. గుండె నిమిషానికి 35 సార్లకి దిగింది. జుట్టు రాలింది. మెట్లెక్కలేకపోయారు. అంతకంటే వింత మనసుకి జరిగింది. తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు కొనుక్కుని రాత్రుళ్లు చదివేవాళ్లు. ఉన్న కాస్త తిండినీ గంటల తరబడి ముక్కలు చేసుకు తినేవాళ్లు, పళ్లేలు నాకేవాళ్లు. స్నేహితులతో మాటలు తగ్గిపోయాయి. చిన్నదానికి కోపం, చిన్నదానికి ఏడుపు. తిండి మళ్లీ పెట్టడం మొదలెట్టాక, కడుపు పట్టనంత తిన్నా కూడా ఆకలి తీరలేదని కొందరు చెప్పారు. కీస్ బృందం ఇదంతా 1950లో రెండు పెద్ద సంపుటాలుగా అచ్చేసింది.

డైటింగ్ చేస్తున్న అమ్మాయి ఫోనులో గంటల కొద్దీ వంటల వీడియోలు చూస్తుంది, ఇంటిల్లిపాదికీ కేకులు చేసి పెట్టి తను మాత్రం ముట్టదు. "ఎంత కంట్రోలో చూడండి!" అని వాళ్లమ్మ నాతో గర్వంగా చెబుతుంది. ఆ అమ్మకి మిన్నెసోటా కుర్రాళ్ల వంటల పుస్తకాల సంగతి చెప్పేదాన్ని. అది ఆకలి చేయించే పని, తల్లీ, అదుపు కాదు అనేదాన్ని.

ఆ కుర్రాళ్లకి ఒక సౌకర్యం ఉండేది. ఏ రోజుకి ఆ తిండి ఆగుతుందో వాళ్లకి ముందే తెలుసు. మన ఉపవాసాలకీ అంతే. ఏకాదశికి ద్వాదశి పారణ ఉంది. కార్తీక సోమవారం చుక్కని చూశాక భోజనం ఉంది. రంజాన్ ఉపవాసానికి ఇఫ్తార్ ఉంది. మన పెద్దవాళ్లు ఉపవాసం పెట్టినచోటే దాన్ని విప్పే ఘడియ కూడా పెట్టారు. ఇవాళ్టి డైటింగ్‌కి పారణ లేదు. పది కిలోలు తగ్గాక ఇంకో ఐదు, ఆ ఐదూ పోయాక నిలబెట్టుకోవడం.

లంఖణం పరమౌషధం అంటారు కదా అని నన్ను చాలామంది అడిగేవాళ్లు. చరక సంహితలో లంఘనమంటే ఒళ్లు తేలికపరిచే చికిత్స. అది పది రకాలుగా చెప్పారు. అందులో ఉపవాసం ఒకటి మాత్రమే. వ్యాయామం కూడా అందులోదే. ఎవరికి చెయ్యాలి, ఎవరికి చెయ్యకూడదు, ఎప్పుడు ఆపాలి అన్నది ఉంది. హద్దు దాటితే కనిపించే లక్షణాలు కూడా రాశారు. నోరెండిపోవడం, ఒళ్లు నొప్పులు, చూపూ వినికిడీ మందగించడం, ఆఖరికి ఆకలే చచ్చిపోవడం. పరమౌషధం అన్నవాళ్లు దాన్ని ఔషధంగానే చూశారు. ఔషధానికి మోతాదు ఉంటుంది. ఎక్కువ మోతాదు మింగినవాణ్ణి ఎవరైనా మెచ్చుకుంటారా?

ఈ మెచ్చుకోలు మనకి కొత్తగా సినిమాల నుంచో జిమ్ముల నుంచో వచ్చిందని నేననుకోను. తక్కువ తినే ఆడదాన్ని మెచ్చుకోవడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది ఊడ్చుకు తిని, కూర అయిపోతే పచ్చడితో సరిపెట్టుకునే కోడల్ని "బంగారు తల్లి" అన్నాం. పొట్ట నిండా అడిగి వడ్డించుకుంటే ఏమన్నామో నేను చెప్పక్కర్లేదు. కొత్త డైటింగు ఆ పాత మెప్పు మీదే మొలిచింది. దాని ఫలితం ఎంత చిత్రంగా ఉందో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36.3 మంది, తెలంగాణలో 30.1 మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. అదే వయసు ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రాలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. లావుగా కనిపిస్తూనే రక్తం లేని ఆడవాళ్లు లక్షల్లో ఉంటారు. అలాంటి మనిషి పప్పు, గుడ్డు, ఆకుకూర కూడా మానేసి జామకాయ మీద బతుకుతుంటే చప్పట్లు కొడుతున్నాం.

ఎదుటి వాదన కూడా చెప్పాలి, అది తేలిగ్గా కొట్టేసేది కాదు. లావుగా ఉన్నవాళ్లు జన్మంతా మాటలు పడతారు. బస్సులో, పెళ్లిలో, బట్టల దుకాణంలో, సొంత ఇంట్లో. వాళ్లకి జీవితంలో మొదటిసారి ఎవరో శభాష్ అంటే అది కూడా వద్దంటావా అని నా స్నేహితురాలొకావిడ నన్ను నిలదీసింది. వద్దనను. ఆ శనివారం పువ్వు అందుకున్నప్పుడు టీచరు గారి మొహంలో వెలుగు నేను చూశాను. ఆ వెలుగు నిజం. అంత ఆకలిగా ఎదురుచూసిన మెప్పు కాబట్టే దాన్ని పోగొట్టుకోలేక కడుపు మాడ్చుకున్నారు. మెప్పుకి మొహం వాచిన మనిషికి దాన్ని కిలోల లెక్కన అమ్మకూడదన్నదే నా బాధ.

బాగా తక్కువ తిండితో మేలు జరిగిన సందర్భమూ ఉంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధనలో టైప్ 2 షుగరున్నవాళ్లకి మూడు నుంచి ఐదు నెలలు రోజుకి సుమారు 850 క్యాలరీల ద్రవాహారం ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి అందులో 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. 2017లో ఆ ఫలితాలు వచ్చినప్పుడు చాలామంది నాకు ఆ వార్త చూపించి, "చూశారా, 850 చాలట" అన్నారు. వాళ్లు చూడనిది ఇంకొకటుంది. మొదటిరోజే షుగరు మాత్రలు, బీపీ మాత్రలు ఆపించారు. విటమిన్లు, ఖనిజాలు కలిపిన ఆహారమిచ్చారు. నర్సో డైటీషియనో పిలిచి, చూసి, కొలిచి, ఆ తర్వాత అన్నం ఎలా మళ్లీ మొదలుపెట్టాలో వారాల తరబడి దగ్గరుండి నేర్పారు. అదీ ఆసరా అంటే. మా టీచరు గారి మాత్రలు ఆపించాలని, కనీసం తగ్గించాలని డాక్టరుకి చెప్పాల్సింది నేనే. నేను చెప్పలేదు, ఎందుకంటే నాకు తెలియదు. నాకు తెలియకపోవడానికి కారణం నా పువ్వే.

చప్పట్ల మధ్య తగ్గిన బరువు ఏమవుతుందో కూడా కొలిచారు. అమెరికా టీవీలో, ఎవరు ఎక్కువ కిలోలు తగ్గితే వాళ్లు గెలిచినట్టుగా పోటీ పెట్టే కార్యక్రమం ఒకటి ఏళ్ల తరబడి నడిచింది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత కెవిన్ హాల్ బృందం పరీక్షించి 2016లో ఫలితాలు అచ్చేసింది. ముప్ఫై వారాల్లో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు 41 కిలోలు తిరిగి పెరిగారు. ఊరికే కూర్చున్నా ఒళ్లు ఖర్చు చేసే శక్తి మాత్రం, ఆ ఒంటికి ఉండాల్సిన దానికంటే రోజుకి సుమారు 500 క్యాలరీలు తక్కువే ఉండిపోయింది. కరువొచ్చిందనుకుని ఒళ్లు ఖర్చు తగ్గించేసుకుంది, ఆరేళ్లయినా పెంచలేదు. పెరిగిన రోజున చప్పట్లు కొట్టినవాళ్లెవరూ పక్కన ఉండి ఉండరు. పెరిగినందుకు వాళ్లు తమనే నిందించుకుని ఉంటారు.

పదిహేనేళ్ల పిల్లల సంగతి ఇంకా వేరు. తిండి మానేసి మానేసి మనిషి పుల్లలా అయ్యి, అయినా లావుగానే ఉన్నాననుకునే జబ్బుని 1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లసేగ్ విడివిడిగా వర్ణించారు. మానసిక వ్యాధుల్లో ప్రాణం తీసే ప్రమాదం బాగా ఎక్కువున్న జబ్బుల్లో అదొకటి. మన ఇళ్లలో దానికి పేరు లేదు. పేరు లేని జబ్బుని గుర్తుపట్టడం కష్టం. 2025 మార్చిలో కేరళలో పద్దెనిమిదేళ్ల అమ్మాయి అలా తిండి మానేసి ప్రాణం పోగొట్టుకుందని పేపర్లలో చదివాం. ఇలాంటి పిల్లలెవరూ ఒక్కరోజులో ఆ స్థితికి రారు. మొదటి నాలుగు కిలోలు తగ్గినప్పుడు ఎవరో ఒకరు "ఎంత బావున్నావో" అనే ఉంటారు. ఎదిగే పిల్ల అన్నం గిన్నె పక్కకి తోస్తే, నెలసరి తప్పితే, వదులు చొక్కాలే వేసుకుంటుంటే, నలుగురితో కలిసి తినడం మానేస్తే, దయచేసి మెచ్చుకోకండి. కంగారుపెట్టకుండా, బతిమాలకుండా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

నలుగురు కలిసి బరువు తగ్గడం తప్పని నేననడం లేదు. 1961లో న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంలో జీన్ నైడెచ్ అనే గృహిణి, నగర ఆరోగ్యశాఖ క్లినిక్‌లో ఇచ్చిన డైటు పాటిస్తూ, దొంగతనంగా బిస్కెట్లు తినేది. ఆ సంగతి క్లినిక్‌లో చెప్పలేకపోయింది. ఆరుగురు స్నేహితురాళ్లని ఇంటికి పిలిచి వాళ్లకి చెప్పుకుంది. వాళ్లూ తమ తమ దొంగతిండ్లు చెప్పుకున్నారు. 1963లో పుట్టిన వెయిట్ వాచర్స్ సంస్థకి మూలం ఆ ముందుగది మాటలే. మొదట్లో వాళ్ల నియమాలు చూస్తే పూట మానకూడదు, వారానికి ఐదుసార్లు చేప తినాలి అని ఉండేది. తర్వాత అది పెద్ద వ్యాపారమై తూకాలూ చప్పట్లూ పెరిగాయి. నాకు మాత్రం ఆ మొదటి సాయంత్రమే ముఖ్యం. క్లినిక్‌లో కట్టుబడిపోయిన నోరు స్నేహితురాళ్ల దగ్గర తెరుచుకుంది.

టీచరు గారు డిశ్చార్జి అయిన శనివారం తూకం యంత్రాన్ని పక్కగదిలోకి తోయించాను. బరువు నాకూ, ఆ మనిషికీ మాత్రమే తెలిసేది, అదీ నెలకోసారి. పువ్వులు ఆగిపోయాయి. క్లాసులో వరసగా ఒక్కొక్కరినీ ఈ వారం ఏం తిన్నారు, మెట్లెక్కితే ఆయాసం ఎలా ఉంది, రాత్రి నిద్ర పట్టిందా అని అడగడం మొదలుపెట్టాను. మొదట్లో అందరూ చార్టులో ఉన్నదే అప్పజెప్పారు. ఇద్దరు ముగ్గురు, "ఇదివరకటి హుషారు లేదండీ" అని మానేశారు. నాకూ భయమేసింది, క్లాసు మూతపడుతుందేమోనని.

నెల తర్వాత టీచరు గారు వచ్చారు. డాక్టరు మాత్రలు మార్చారు. వెనక కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ వంతు వచ్చింది. కాసేపు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఊరుకున్నారు.

"మంగళవారం మా అబ్బాయి పుట్టినరోజు. బిర్యానీ తిన్నాను. రెండుసార్లు వడ్డించుకున్నాను" అన్నారు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. పక్క కుర్చీలో ఉన్నావిడ మెల్లగా, "నేను మొన్న మూడు బొబ్బట్లు తిన్నానండి. మీకు చెప్పలా" అంది.

నేను నోట్‌బుక్ తెరిచి పేరు పక్కన బిర్యానీ అని రాసి, "ఎంత?" అని అడిగాను.

"పెద్ద గరిటెతో నాలుగు" అన్నారు టీచరు గారు. ఈసారి అందరికీ వినపడేలా అన్నారు.